తవుడు, పొట్టు, చెక్క

మనము ప్రతిదినము భుజించు అన్నము వరిధాన్యమునుండి వచ్చుచున్నది. కాని మిల్లునకు పోయిన ధాన్యమంతయు బియ్యమై తిరిగి వచ్చునా? రాదు. 100 కిలోల ధాన్యమును మర పట్టించినచో సుమారు 20 కిలోలు ఊకగను, 8 కిలోలు తవుడుగను వేరగును. కందులు పప్పుగా మాఱునపుడు పొట్టు మిగులును. వేరుసెనగ గింజలనుండి నూనె తీసినపిమ్మట చెక్క మిగులును. ఇవి సామాన్యముగా మన విస్తరిలోనికి రావు. అట్లని ఇవి వ్యర్థములని చెప్పవచ్చునా? ఈ ప్రశ్నకు సమాధానము గొఱ్ఱెల మందలో లభించును.

మన దేశమున గొఱ్ఱెల సంఖ్యలో తెలంగాణము మొదటి స్థానమును, ఆంధ్రప్రదేశ్ రెండవ స్థానమును పొందినట్లు 2019వ సంవత్సరపు పశుగణన వలన తెలిసినది. తెలంగాణమున సుమారు 1 కోటి 90 లక్షలును, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 1 కోటి 76 లక్షలును గొఱ్ఱెలు లెక్కకు వచ్చినవి. ఈ మందలలో పెక్కు బీళ్ళయందును, పొలముగట్లమీదను, కోతలైన చేలయందును మేయుచు బ్రతుకును. వర్షకాలమున వానికి కొఱత లేదు. వేసవి వచ్చినంతనే గట్లు ఎండి, బీళ్ళు బోసిపోవును. కాపరి ఎంత దూరము తోలుకొనిపోయినను గొఱ్ఱె కడుపు నిండదు.

ఈ కొఱత చూడి గొఱ్ఱెలకు మిక్కిలి ప్రమాదకరము. గొఱ్ఱె సుమారు 150 దినములు గర్భము మోయును. పిల్ల బరువులో అధికభాగము చివరి 6 వారములలోనే పెరుగును. ఆ వారములు కఱవుదినములలో పడినచో తల్లి చిక్కిపోవును. పొదుగున పాలు చాలవు. పిల్ల బలహీనముగా పుట్టును. అట్టి సమయమున దినమునకు రెండు మూడు గుప్పెళ్ళ దాణా ఆ పిల్ల ప్రాణమును నిలుపగలదు. ఆ దాణాకు వలసిన సామగ్రి మిల్లులలోనే యున్నది.

మనము అరిగించుకొనలేని పొట్టును గొఱ్ఱె ఎట్లు అరిగించుకొనును? దాని కడుపునకు నాలుగు అరలు కలవు. వానిలో మొదటిది చాల పెద్దది. అందు కంటికి కానరాని సూక్ష్మజీవులు కోట్లకొలదిగా నివసించును. గొఱ్ఱె నెమరువేసి నలిపిన పీచును ఆ జీవులు పులియబెట్టి, దానికి శక్తినిచ్చు పదార్థములుగా మార్చును. కావుననే మనము పాఱవేయునది దానికి ఆహారమగుచున్నది.

అయితే మిగిలినదంతయు మేత కాదు. వేరుసెనగ చెక్కలో మాంసకృత్తులు 40 శాతమునకు పైగా ఉండును. తవుడు శక్తి నిచ్చును. అందు భాస్వరము అధికము, సున్నము స్వల్పము. తవుడునే విస్తారముగా పెట్టినచో పొట్టేళ్ళకు మూత్రమార్గమున రాళ్ళు ఏర్పడవచ్చును. అందుచేత దాణాలో ఖనిజలవణముల పొడిని కలుపుదురు. కందిపొట్టు పీచునిచ్చి కడుపు నింపును. ఇక ఊక సంగతి వేఱు. అందు ఇసుకలో నుండు సిలికా అను పదార్థము మెండు. అది మేతకు పనికిరాదు. బట్టీలలో కాల్చుటకు తగును. తవుడును ఊకయు ఒకే గింజనుండి వచ్చినను, ఒకటి మేత, రెండవది వంటచెఱకు.

మంచి మేతయు నిలువచేయుటలో చెడవచ్చును. 1960లో ఇంగ్లండునందు లక్షకు పైగా టర్కీ కోడిపిల్లలు హఠాత్తుగా చనిపోయినవి. కారణమేమని పరిశోధింపగా, బ్రెజిల్ దేశమునుండి తెప్పించిన వేరుసెనగ చెక్కకు బూజు పట్టినదని తేలెను. ఆ బూజు పుట్టించు విషమునకు అఫ్లటాక్సిన్ అని పేరు పెట్టిరి. గొఱ్ఱెలు ఆ పక్షులవలె త్వరగా ఈ విషమునకు లోబడవు. ఐనను బూజుచెక్కను చాలకాలము తినినచో వాని కాలేయము చెడును. చెక్కను ఎండబెట్టి పైబూజును దులిపినంతమాత్రమున విషము పోదు. ఉడికించినను పూర్తిగా నశింపదు. కావున చెక్కను తేమ తగులనిచోట, నేలను తాకకుండ బల్లలపై నిలువచేయవలెను. బూజు పట్టినదానిని పెట్టనేరాదు.

మఱియొక జాగ్రత్త కలదు. ఆకలిగొన్న మందకు ఒక్కసారిగా దాణా సమృద్ధిగా పెట్టుట దయ కాదు. కడుపులోని సూక్ష్మజీవులు క్రొత్త మేతకు అలవడుటకు కొన్ని దినములు పట్టును. త్వరపడినచో కడుపులో ఆమ్లము పెరుగును, చిటుకురోగమును రావచ్చును. సాయంకాలమున గంతులు వేసిన పిల్ల ఆ రోగముచేత తెల్లవాఱుసరికి చచ్చిపడియుండుట కలదు. అందుచేత మొదట దినమునకు 50 గ్రాములతో ప్రారంభించి, రెండు వారములలో మెల్లమెల్లగా 200 గ్రాముల వఱకు పెంచవలెను. దాణాతోపాటు ఎండుమేతయు, మంచినీరును తప్పక ఉండవలెను.

చేనిలో పండిన గింజ మిల్లునకు పోవును. మిల్లు విడిచిన తవుడును, చెక్కయు గొఱ్ఱెకు ఆహారమగును. ఆ మంద రాత్రి చేనిలో నిలిచినచో దాని పెంట మరల నేలకు ఎరువగును. ఈ విధముగా నేలనుండి వచ్చినదానిలో కొంత నేలకే చేరుచున్నది. ఒక వస్తువును వ్యర్థమని త్రోసివేయుటకు ముందు, అది ఎవరికి, ఎంత, ఏ విధముగా ఉపయోగపడునో విచారింపవలెను. ఆ విచారణయే వేసవిలో ఒక గొఱ్ఱెపిల్లను బ్రతికించును.