సంఘపు లెక్కల ఫైలు: తాళమొకటి, తాళపుచెవులెన్ని?



గంజాం జిల్లా బరంపురములో పట్టుచీరె నేయు ఇంటికి సంఘములోని మూడు లెక్కలు ప్రాణము వంటివి: తీసికొన్న పట్టునూలు, రావలసిన మజూరీ, కూడబెట్టిన పొదుపు సొమ్ము. ఈ లెక్కలను మైక్రోసాఫ్ట్ యాక్సెస్ ఫైలులో ఉంచుకొను సంఘము, వానిని ఎవరు చూడవచ్చును, ఎవరు దిద్దవచ్చును అను సంగతిని ముందుగా తేల్చుకొనవలెను. ఒక్క అంకె మారినచో ఒక కుటుంబపు నెల కూలి తారుమారగును.

పాత ‘ఎండిబి’ ఫైళ్లలో ఒక్కొక్క గుమాస్తాకు వేరు పేరు, వేరు పాస్‌వర్డు, వేరు అధికారము ఇచ్చు వీలుండెను. యాక్సెస్ 2007తో వచ్చిన ‘ఎసిసిడిబి’ ఫైలులో ఆ యేర్పాటు లేదు. ఫైలుకంతకును ఒకే పాస్‌వర్డు. అది ఫైలును సంకేతలిపిలోనికి మార్చి బయటివారినుండి కాపాడును. కాని అది తెలిసినవారందరును అన్ని లెక్కలను దిద్దగలరు. ఫారములో మీటలు దాచినంతమాత్రమున రక్షణ కలుగదు.

కావున అధికారములను విండోస్ ఫోల్డరుల ద్వారా పంచవలెను.

మొదటిది: పట్టికలను ఒక ఫైలులోను, ఫారములను మరియొక ఫైలులోను విడదీయవలెను. నూలు పట్టికలకు ఒక ఫోల్డరు, మజూరీ, పొదుపు పట్టికలకు వేరొక ఫోల్డరు ఉండవలెను.

రెండవది: ప్రతి గుమాస్తాకు విండోస్‌లో స్వంత పేరు, స్వంత పాస్‌వర్డు ఉండవలెను. నూలు ఇచ్చువారికి నూలు ఫోల్డరులో మాత్రమే వ్రాయు అధికారమీయవలెను. యాక్సెస్ ఫైలు తెరచినపుడు ప్రక్కనే చిన్న తాళపు ఫైలొకటి పుట్టి, మూసినపుడు పోవును. అందుచే వ్రాయువారికి ఆ ఫోల్డరులో ఫైలు సృష్టించుటకును, తొలగించుటకును అధికారము అవసరము. అట్టివారు అసలు ఫైలునైనను తొలగించగలరు గనుక, ప్రతి సాయంత్రము నకలు తీసి, వారికి అందని చోట ఉంచవలెను.

మూడవది: ఫైలు పాస్‌వర్డు మరచినచో మైక్రోసాఫ్ట్ కంపెనీవారును తిరిగి ఈయలేరు. దానిని కాగితముపై వ్రాసి, కవరుకు సీలువేసి, ఇనుపపెట్టెలో భద్రపరచవలెను. గుమాస్తా పని మానిన రోజుననే వారి విండోస్ పేరు రద్దుచేసి, ఫైలు పాస్‌వర్డు మార్చి, పట్టికలను ఫారములకు మరల జతపరచవలెను.

సభ్యులకొక మనవి. కంప్యూటరులో ఉన్నదే వేదమనుకొనరాదు. మజూరీ తీసికొనునపుడెల్ల అచ్చు చీటీని మీ పాస్‌పుస్తకముతో సరిచూచుకొనుడు. తేడా కనబడినచో వెంటనే అడుగుడు. మీ ఇంటనున్న ఆ పుస్తకమును కార్యాలయములో కూర్చున్నవారెవరును దిద్దలేరు.