లండన్‌లో మన రాళ్లు, మన గుడ్డలు

అమలాపురం, రాజోలు, కొత్తపేట వైపు నుంచి లండన్‌లో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లే పెద్దవాళ్లు ఇప్పుడు తక్కువేం కాదు. సెలవు దొరికిన రెండు రోజుల్లోనే ఊరంతా చూపించాలని పిల్లల తాపత్రయం. రాజభవనం, గడియారం గోపురం, వంతెన, మ్యూజియం అన్నీ ఒక్కరోజులోనే. సాయంత్రానికి కాళ్లు పీకుతాయి, ఫోను ఫొటోలతో నిండిపోతుంది, ఏది ఎక్కడ చూశామో మాత్రం గుర్తుండదు. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నవి లక్షల వస్తువులు. ఏం వెతుకుతున్నామో తెలియకుండా అడుగుపెడితే ఎంత చదువుకున్నవాళ్లకైనా తల తిరుగుతుంది. గోదావరి జిల్లాల మనిషికి మాత్రం అక్కడ వెతుక్కోవడానికి సొంత సంగతులే బోలెడున్నాయి.

ఆ వెతుకులాటను లండన్ బయల్దేరకముందే, ఇక్కడ ఆదుర్రులో మొదలుపెడితే మంచిదని నా గట్టి అభిప్రాయం. మామిడికుదురు మండలంలో, గోదావరి వైనతేయ పాయ ఒడ్డున ఉన్న ఊరది. అక్కడ పురావస్తు శాఖ తవ్వి తీసిన బౌద్ధ స్తూపం ఉంది. ఇప్పుడు కనిపించేది పెద్దపెద్ద ఇటుకలతో చక్రంలా కట్టిన పునాది మాత్రమే. చూసినవాళ్లలో చాలామంది ఇంతేనా అనుకుని పది నిమిషాల్లో వెనక్కి తిరుగుతారు. కానీ స్తూపమంటే ఏమిటో అర్థమయ్యేది ఇలాంటి చోటే. లోపల ఇటుక, మట్టి. పైన గుండ్రని గుమ్మటం. చుట్టూ ప్రదక్షిణకు దారి, దారి చుట్టూ కంచె. దాతలు దొరికిన పెద్ద స్తూపాలకు ఆ ఇటుక మీద చెక్కిన రాతి పలకలు తొడిగేవారు.

అలాంటి తొడుగుల్లోకెల్లా గొప్పది అమరావతి స్తూపానిది. లేత ఆకుపచ్చ ఛాయ ఉన్న పలనాటి సున్నపురాయి అది. క్రీస్తుకు ముందు మొదలై క్రీస్తుశకం మూడో శతాబ్దం దాకా, తరతరాలుగా దాన్ని చెక్కుతూ, మారుస్తూ వచ్చారు. 18వ శతాబ్దం చివర్లో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిలో పట్టణం కట్టిస్తున్నప్పుడు స్తూపం దిబ్బలోని రాళ్లు, ఇటుకలు ఇళ్లకీ గుళ్లకీ పోయాయి. కొన్ని రాళ్లను సున్నం కోసం కాల్చేశారు. ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ అక్కడికి మొదట ఆ రోజుల్లోనే వచ్చాడు. 1816లో మళ్లీ వచ్చి, తన మనుషులతో శిల్పాల బొమ్మలు గీయించాడు. ఆ తరవాత పోయిన శిల్పాలు కొన్ని ఈనాటికి ఆ బొమ్మల్లోనే మిగిలాయి. బొమ్మలిప్పుడు లండన్ బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి.

1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ అక్కడ తవ్వించిన రాళ్లు మద్రాసు చేరి, ఏళ్ల తరబడి ఆరుబయట ఎండకీ వానకీ పడున్నాయి. 1859లో 120కి పైగా పలకలను ఓడకెక్కించి లండన్ పంపారు. అక్కడా వెంటనే ఆదరణ దొరకలేదు. 1867లో జేమ్స్ ఫెర్గుసన్ అనే పండితుడు వాటిని ఒక బండ్ల కొట్టంలో వెతికి పట్టుకున్నాడు. 1880లో బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి. ఇప్పుడు 33ఎ నంబరు గదిలో, తేమ, వేడి అదుపులో ఉండే అద్దాల గోడల వెనక ఉన్నాయి.

మ్యూజియం ప్రవేశం ఉచితం. ముందే ఆన్‌లైన్‌లో టికెట్టు తీసుకుంటే వరస తగ్గుతుంది. శుక్రవారాల్లో రాత్రి 8:30 దాకా తెరిచి ఉంటుంది, సాయంత్రం జనం పలచబడతారు. మాంటేగ్ ప్లేస్ వైపు ఉన్న వెనక ద్వారం నుంచి వెళితే ఈ గది దగ్గర. ముందు ద్వారం నుంచి వస్తే ఈజిప్టు, గ్రీసు దాటేసరికే ఓపిక అయిపోతుంది.

గదిలో అన్నీ చూడొద్దు. ఒక్క పలక ముందు పదిహేను నిమిషాలు నిలబడండి. స్తూపం రూపాన్నే చెక్కిన పలక ఒకటుంది, దాంతో మొదలుపెట్టండి. గుమ్మటం, కంచె, ద్వారం దగ్గర సింహాలు, నాలుగు దిక్కులా నిలిపే ఆయక స్తంభాలు, పైన ఎగిరే దేవతలు అన్నీ అందులోనే ఉన్నాయి. ఆదుర్రులో చూసిన ఇటుక చక్రం నిండుగా లేచి నిలబడితే ఎలా ఉంటుందో ఇక్కడ తెలుస్తుంది. తరవాత అదే రాయి వెనక్కి వెళ్లండి. అటువైపు అంతకు రెండు మూడు వందల ఏళ్ల ముందు చెక్కిన బొమ్మ ఉంటుంది: బోధివృక్షం, దాని కింద ఖాళీ సింహాసనం, చుట్టూ భక్తులు. బుద్ధుణ్ణి మనిషి రూపంలో చూపించని కాలం నాటిది అది. తరవాతి తరం ఆ రాయినే తిప్పి రెండో వైపు చెక్కుకుంది. పాదముద్రలు, చక్రం, ఖాళీ ఆసనం ఎక్కడ కనిపించినా అక్కడ బుద్ధుడు ఉన్నాడని చదువుకోవాలి. ఇంతమాత్రం తెలిస్తే మిగతా పలకలు వాటంతటవే విప్పుకుంటాయి.

ఈ రాళ్లు ఎవరిచ్చారో కూడా తెలుసుకోవాల్సిన సంగతి. అమరావతి శాసనాల్లో రాజుల కంటే వర్తకులు, గృహస్థులు, భిక్షుణులు, సుగంధద్రవ్యాలు అమ్మేవారు ఎక్కువగా కనిపిస్తారు. తోలు పని చేసే ఒక కుటుంబం ఇచ్చిన దానమూ నమోదై ఉంది. తల్లీ తండ్రీ కొడుకులూ కోడళ్లూ కలిసి ఇచ్చుకున్న పలకలవి. ఇవి తిరిగి మన నేలకు రావాలని నేను మనసారా కోరుకుంటాను. ఆ కోరికకు బలం ఉండాలంటే ఇక్కడున్నవాటి దగ్గరికి ముందు మనం వెళ్లాలి. అమరావతిలో దిబ్బ, మ్యూజియం ఉన్నాయి. చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో శిల్పాల్లో ఒక పెద్ద భాగం ఉంది. ఆ రెండూ చూసి లండన్ వెళ్లినవారికి ముక్కలు ఒకదానికొకటి అతుకుతాయి.

కోహినూరు కోసం లండన్ టవర్‌కి వెళ్లేవాళ్లు ఎక్కువ. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో దొరికిందని ఎక్కువమంది నమ్మే ఆ వజ్రాన్ని 1849లో లాహోరు ఒప్పందంతో ఇంగ్లీషువాళ్లు తీసుకున్నారు. 1852లో మళ్లీ సానపట్టడంతో 186 క్యారెట్ల నుంచి 105.6కి తగ్గింది. టికెట్టు ఖరీదెక్కువ, ఫొటోలు తీయనివ్వరు, కిరీటాల ముందు కదిలే పట్టీ మీద నిలబడి సాగిపోవాలి. సమయం తక్కువైతే నేను దీన్నే వదిలేస్తాను.

దాని బదులు సౌత్ కెన్సింగ్టన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియానికి వెళ్లండి. అదీ ఉచితమే. కోరమాండల్ తీరం నుంచి వెళ్లిన కలంకారీ గుడ్డలు అక్కడ పెద్ద ఎత్తున ఉన్నాయి. ఆ గుడ్డల వ్యాపారం మనకు దూరమేం కాదు: సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కితే అవతల దిగే మాధవాయిపాలెంలో 17వ శతాబ్దంలో ఇంగ్లీషు కంపెనీకి గిడ్డంగి ఉండేది. పాలకొల్లులో డచ్చివాళ్లు వ్యాపారం చేశారు. మైనం పూసి నీలిమందులో ముంచడం, చిరివేరుతో ఎరుపు తేల్చడం, ఉతికినా రంగు పోకపోవడం ఐరోపావాళ్లకు అప్పటికి తెలియని విద్య. మన గుడ్డల దెబ్బకు అక్కడి నేతగాళ్లు గోల పెడితే, 1721లో అద్దకం నూలుగుడ్డ కట్టుకోవడాన్నే బ్రిటన్ పార్లమెంటు చాలావరకు నిషేధించింది. పాత గుడ్డ వెలుతురుకు వెలిసిపోతుంది కాబట్టి అన్నీ ఎప్పుడూ బయట పెట్టరు. వెళ్లేముందు ఏవి ప్రదర్శనలో ఉన్నాయో మ్యూజియం సైట్లో చూసుకోవాలి.

ఇంకొక్క పూట మిగిలితే డోర్కింగ్ వెళ్లొచ్చు. లండన్ నుంచి రైల్లో సుమారు గంట. 1899లో చనిపోయిన కాటన్ దొర సమాధి ఆ ఊరి శ్మశానంలో ఉంది. ఆయన కట్టించిన, 1847లో మొదలై 1852లో ముగిసిన ధవళేశ్వరం ఆనకట్ట నీళ్లే, పి.గన్నవరం దగ్గర 49 కమానుల అక్విడక్టు మీదుగా వైనతేయను దాటి నగరం లంకకు చేరాయి. ఆదుర్రు ఆ నీళ్లు చేరిన వైపే ఉంది. సమాధి దగ్గర టికెట్టు లేదు, గైడూ లేడు. వెళ్లేటప్పుడు ఆనకట్ట ఫొటో, అక్విడక్టు ఫొటో ఫోనులో పెట్టుకుంటే, వెంట వచ్చిన మనవలకు ఆ దొర ఏం చేశాడో అక్కడే చూపించి చెప్పవచ్చు.