తూటా పిస్టల్‌ది... పట్టు తుపాకీది!

2015 ఏప్రిల్ ఒకటి. అర్ధరాత్రి దాటింది. సూర్యాపేట బస్టాండులో బస్సు దగ్గర అనుమానితుల్ని పోలీసులు ప్రశ్నిస్తున్నారు. ఉన్నట్టుండి కాల్పులు! ఒక కానిస్టేబుల్, ఒక హోంగార్డు ప్రాణాలొదిలారు. పారిపోతూ దుండగులు పోలీసుల కార్బైన్ కూడా ఎత్తుకుపోయారు. ఆ ఇద్దరూ 2013లో మధ్యప్రదేశ్‌లోని ఖాండ్వా జైలు నుంచి తప్పించుకున్నవాళ్లని తర్వాత తేలింది. ఏప్రిల్ 4న మోత్కూరు దగ్గరి జానకీపురంలో ఎదురుకాల్పుల్లో వాళ్లు హతమయ్యారు. అక్కడ మరో కానిస్టేబుల్ నేలకొరిగారు. గాయపడిన ఎస్సై సిద్ధయ్య ఏప్రిల్ 7న కన్నుమూశారు.

ఆ మూడు రోజులూ నల్గొండ జిల్లాలో అందరి నోటా ఒకటే మాట... 'కార్బైన్ వాళ్ల చేతిలో ఉందట!'

ఏమిటీ కార్బైన్? మంత్రుల గన్‌మెన్ భుజాన వేలాడుతూ మనందరికీ కనిపించేదే. మూరెడు పొడవు, మడిచే బట్టు, పక్కకు పొడుచుకొచ్చిన వంపు మ్యాగజీన్. అందులో పేలేది మాత్రం పిస్టల్‌లో వాడే 9 ఎం.ఎం. తూటాయే. పిస్టల్‌ని చేత్తో పట్టుకుని కాలిస్తే పాతిక గజాల్లోనే గురి తప్పొచ్చు. అదే తూటాను భుజానికి ఆనించి కాలిస్తే వంద మీటర్ల వరకూ ధీమాగా కొట్టొచ్చు. స్టేషన్లో పిస్టల్‌కీ కార్బైన్‌కీ ఒకటే తూటా సరిపోతుంది. శాఖలు దీన్ని ఎంచుకోవడానికి సగం కారణం ఈ సౌకర్యమే. మామూలు పౌరులకు మాత్రం ఆ ఎంపిక లేదు. మన దేశంలో 9 ఎం.ఎం. నిషిద్ధ బోరు.

శత్రువు తూటాలే దిక్కు!

ఈ తుపాకీ తాత స్టెన్‌గన్. రెండో ప్రపంచ యుద్ధంలో తుపాకుల కరవొచ్చి బ్రిటన్ 1941లో హడావుడిగా తయారు చేసింది. రేకు గొట్టాలు, అతుకులు... చూస్తే నీళ్ల పంపు భాగమా అనిపిస్తుంది. జర్మన్లు వాడే తూటానే పెట్టుకోవడం వల్ల శత్రువు దగ్గర దొరికినవీ పనికొచ్చేవి. కిందపడితే దానంతటదే పేలడం దీని దుర్గుణం. మ్యాగజీన్‌లో 32 తూటాలు పట్టినా, ఇరుక్కుంటాయన్న భయంతో అనుభవజ్ఞులు రెండు మూడు తక్కువే నింపేవారు.

ఇక్కడి మట్టికీ ఆ తుపాకీ కొత్త కాదు. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య సమయంలో భారత సైన్యంలో ఒక దండు విజయవాడ వైపు నుంచి సూర్యాపేట దారినే వచ్చింది. అంతకుముందు వడిసెలలు, బర్మార్లతో మొదలైన సాయుధ పోరాటపు జ్ఞాపకాల్లోనూ స్టెన్‌గన్ మాట వినిపిస్తుంది. సైన్యం ఒత్తిడి పెరిగాక కొన్ని దళాలు కృష్ణా తీరపు నల్లమల చేరాయి. 1951 అక్టోబరులో పోరాటం ఆగింది. జనం నోట్లో ఆ పేరు మాత్రం నిలిచిపోయింది. ఆ తర్వాత వచ్చిన ప్రతి పొట్టి తుపాకీనీ మనవాళ్లు స్టెన్‌గన్ అనే పిలిచారు!

నిజానికి పోలీసుల చేతికి తర్వాత వచ్చింది స్టెర్లింగ్. కాన్పూరులో 1ఏ1 పేరుతో తయారైంది. స్టెన్ కన్నా నమ్మకమైనది. మ్యాగజీన్‌లో 34 తూటాలు పడతాయి.

అడవికి ఒకటి... బజారుకు ఒకటి

అయితే నల్లమల దగ్గరికొచ్చేసరికి దీని లెక్క తప్పింది. అమ్రాబాద్ గుట్టల్లో ఎదుటి గుట్ట మీదున్న మనిషికీ మనకీ మధ్య రెండు మూడు వందల మీటర్లుంటాయి. పిస్టల్ తూటా సెకనుకు దాదాపు 400 మీటర్ల వేగంతో బయల్దేరితే ఏకే-47 తూటా 700 దాటి వెళుతుంది. నక్సలైట్ల చేతుల్లో ఏకేలు చేరాక అడవిలో కార్బైన్ చాల్లేదు. 1989లో ఏర్పడిన గ్రేహౌండ్స్ రైఫిళ్లనే నమ్ముకుంది. 1993లో సోమశిల దగ్గర మందుపాతర మహబూబ్‌నగర్ ఎస్పీ పరదేశి నాయుడిని బలిగొంది. అలాంటి చోట ఏ తుపాకీ అయినా ఒకటే!

బస్టాండులో సంగతి వేరు. రైఫిల్ తూటా ఒక మనిషిలోంచి దూసుకెళ్లి వెనకున్న వాళ్లకూ తగలొచ్చు. పిస్టల్ తూటాతోనూ ఆ ప్రమాదం లేకపోలేదు, కాస్త తక్కువంతే. కాబట్టి రద్దీలో పొట్టి తుపాకీకే ఓటు. అందులోనూ చూసుకోవాల్సింది గుళ్ల వేగం కాదు, ఒక్కో గుండూ అనుకున్నచోట పడుతుందా అన్నది. పాత కార్బైన్‌లో ట్రిగ్గర్ నొక్కగానే బరువైన బోల్టు ముందుకు దూకుతుంది. ఆ కుదుపుకి గురి చెదురుతుంది. ఎన్‌ఎస్‌జీ కమాండోల ఎంపీ5లో బోల్టు ముందే మూసుకుని ఉంటుంది. అందుకే అది గురికి పేరుపొందింది, ధరకీ పేరుపొందింది!

ఇక వేసవి ఎండలో పది గంటలు మోసే కానిస్టేబుల్‌ని అడిగితే మొదట బరువే చెబుతాడు. స్టెర్లింగ్ ఖాళీదే 2.7 కిలోలు.

ఇప్పుడు ఆ వారసత్వం హైదరాబాద్‌కే చేరింది. పుణెలోని డీఆర్‌డీవో ప్రయోగశాల, మౌలోని సైనిక పాఠశాల కలిసి నాలుగు నెలల్లో 'అస్మి'ని రూపొందించి 2021లో చూపించాయి. దీనిదీ 9 ఎం.ఎం. తూటాయే. ట్రిగ్గర్ సహా కొన్ని భాగాలు త్రీడీ ప్రింటింగ్‌తో చేశారు. ఒక్కోటి 50 వేల రూపాయల లోపే అని అప్పట్లో అంచనా వేశారు. తయారీ హైదరాబాద్ కంపెనీ లోకేష్ మెషీన్స్‌ది. 2024లో సైన్యం ఉత్తర కమాండ్ కోసం 550 అస్మిలు కొనేందుకు ఆర్డరిచ్చింది.