పక్కింటోళ్ళ కంతుకు మన ఆధార్ ఇయ్యొచ్చా?

"ఏమప్పా, నీ ఆధార్ ఒకసారి ఇస్తావా? సెల్లు ఫైనాన్సులో తీసుకుంటా. నా సిబిల్ పడిపోయిందంట, షాపోడు కుదరదన్నాడు. పేరొక్కటే నీది, కంతు మాత్రం నేనే కడతా."

ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపక్కల పల్లెల్లో ఈ మాట వినని పిల్లోళ్ళు తక్కువే. అడిగేది బయటోళ్ళు కూడా కాదు. పక్కింటి అన్న, చిన్నాయన కొడుకు, చిన్నప్పటి నుంచి కలిసి తిరిగిన దోస్తు. ఇస్తే లోపల భయం, ఇయ్యకపోతే రేపు మొగం మొగం చూసుకోలేం. "ఇంత చిన్నదానికి కూడా నమ్మవా?" అంటే ఏం చెప్తాం?

నమ్మకం సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ సంతకంతో మన మీద ఏం పడుతుందో తెలుసుకోవాల.

సంతకం ఒకటే, అర్థాలు వేరు

మొదటిది, నీ పేరు మీదనే అప్పు తీసుకోవడం. సెల్లు ఎవురి జోబులో ఉన్నా, కాయితం మీద అప్పు తీసుకున్నోడివి నువ్వే. పక్కింటి అన్న పేరు ఆ ఫైలులో యాడా ఉండదు. అన్న కట్టకపోతే ఫైనాన్సోళ్ళు అన్నను అడగరు, అడిగే హక్కు కూడా వాళ్ళకు లేదు. నీ ఇంటికే వస్తారు. నీ ఫోనుకు వచ్చిన ఓటీపీ చెప్పినావంటే సంతకం పెట్టినట్టే లెక్క.

రెండోది జామీను. అప్పు అన్నది, హామీ నీది. చానామంది ఏమనుకుంటారంటే, ముందు అప్పు తీసుకున్నోడిని పట్టుకుంటారు, వాడి దగ్గర ఏమీ లేదని తేలినాకే మన దగ్గరికి వస్తారు అని. అది తప్పు. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 128వ సెక్షన్ ప్రకారం, కాయితంలో వేరేగా రాసుకుంటే తప్ప, అప్పు తీసుకున్నోడికి ఎంత బాధ్యతో జామీను పెట్టినోడికీ అంతే బాధ్యత. 1968లో సుప్రీంకోర్టు కూడా ఇదే తేల్చింది. ముందు అసలు అప్పుదారు దగ్గర వసూలు చేసుకుని, తర్వాతే జామీనుదారు జోలికి పోవాలని బ్యాంకును ఆపలేమని చెప్పింది. అంటే నెల జీతం వచ్చేవాడివి నువ్వైతే, వాళ్ళు ముందు నీ తలుపే కొట్టొచ్చు.

మూడోది సాక్షి సంతకం. ఊర్లో ప్రోనోటు రాసుకునేటప్పుడు అడిగేది ఇదే. సాక్షి అంటే "నా ముందర రాసుకున్నారు" అని చెప్పేవాడు మాత్రమే. డబ్బు కట్టే బాధ్యత సాక్షికి లేదు. గొడవై కోర్టుకు పోతే వచ్చి చెప్పాల్సి ఉంటుంది, అంతే. కాకపోతే సాక్షి అని పిలిచి జామీను కాడ సంతకం పెట్టించుకునేవాళ్ళు ఉంటారు. అందుకే పెన్ను పట్టుకునే ముందు, సంతకం పెట్టే చోట పైన ఏ మాట రాసి ఉందో చదువు. ఇంగ్లీషులో ఉంటే తెలిసినోళ్ళతో చదివించుకో. ఖాళీ కాయితం మీద, ఖాళీ చెక్కు మీద మాత్రం ఎవురడిగినా పెట్టొద్దు.

కంతు నెలకోసారి, పంట ఏడాదికోసారి

మన పక్క ఈ జామీనులు ఎందుకు చెడతాయి? అందరూ మోసగాళ్ళు కాబట్టి కాదు. అడిగిన రోజు అన్న నిజంగానే కడదామనుకుంటాడు. చిక్కంతా లెక్కలో ఉంది.

తుంగభద్ర దిగువ కాలువ నీళ్ళు అందే పొలాలు కొన్నే. మిగతాదంతా వానను నమ్ముకున్న నేల. పత్తి ఆదోని యార్డుకు పోయినప్పుడు చేతిలో నాలుగు డబ్బులు కనపడతాయి. బండి, సెల్లు, ఫ్రిజ్జు కొందామనే ఆశ అప్పుడే పుడుతుంది. ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరసామి జాతర కూడా జనవరి దరిదాపుల్లోనే. కానీ పత్తి ఏరడం అయిపోయినాక ఊర్లో పని ఉండదు. కోసిగి, పెద్దకడబూరు, మంత్రాలయం పక్క ఊర్లకు ఊర్లే సుగ్గికి పోతాయి. గుంటూరు పక్క మిరప చేన్లకు పోయినోళ్ళు ఉగాది నాటికి గానీ తిరిగిరారు. అక్కడ కూలి డబ్బులు చేతికి ఒక పద్ధతిగా రావు. ఫైనాన్సోడి కంతు మాత్రం నెల నెలా అదే తేదీకి వస్తుంది.

ఒక లెక్క చూద్దాం. సెల్లు ధర 20,000 అనుకో. 4,000 ముందు కట్టినారు. మిగిలిన 16,000కు నెలకు 2,000 చొప్పున 8 కంతులు. మూడు కంతులు బాగానే కట్టినాడు. నాలుగో నెలలో కుటుంబమంతా సుగ్గికి పోయినారు. ఇంటికి తాళం, ఫోను కలవదు. నీ ఖాతాలో డబ్బుల్లేక కంతు బౌన్సయితే బ్యాంకోడు ఒక ఛార్జీ, ఫైనాన్సోడు ఒక ఛార్జీ వేస్తారు. ఇంకా అయిదు కంతులున్నాయి. అంటే 10,000, పైన ఈ ఛార్జీలు. సెల్లేమో మిరప చేనులో ఉంది.

డబ్బు ఒక్కటే పోతే ఎట్లో తట్టుకోవచ్చు. సిబిల్ కూడా పోతుంది. ఆ స్కోరు 300 నుంచి 900 దాకా ఉంటుంది. నీ పేరు మీద కంతులు ఆగినాయంటే ఆ మచ్చ ఏండ్ల తరబడి కనపడుతుంది. రేపు నువ్వు ట్రాక్టరు లోనుకో, ఇంటి లోనుకో పోతే మొదట చూసేది దాన్నే. బ్యాంకు ఉద్యోగాల నోటిఫికేషన్లలో కూడా సిబిల్ షరతు పెడుతున్నారు. ఇరవై ఏండ్లకు ఒక సెల్లు కోసం ఇచ్చిన ఆధార్ ఇరవై అయిదు ఏండ్లకు నీ ఉద్యోగానికి అడ్డం పడొచ్చు.

"జీరో వడ్డీ కదా" అంటారు. వడ్డీ లేని అప్పు అనేది ఉండదని రిజర్వు బ్యాంకు 2013లోనే చెప్పింది. ప్రాసెసింగ్ ఫీజు రూపంలోనో, రొక్కానికి ఇచ్చే తగ్గింపు ఇయ్యకుండానో ఆ డబ్బు లాగుతారు. 2024 అక్టోబరు 1 నుంచి కొత్త అప్పులకు అసలు ఎంత, అన్నీ కలిపి ఏడాదికి ఎంత శాతం పడుతుంది అని ఒక పత్రంలో రాసి, మనకు అర్థమయ్యే భాషలో ఇయ్యాలని రూలు ఉంది. ఆ పత్రం అడుగు.

ఇయ్యను అని ఎట్లా చెప్పాల?

అబద్ధం చెప్పొద్దు. "ఆధార్ పోయింది" అంటే వాడు రేపు మళ్ళా వస్తాడు. "అన్నా, నా పేరు మీద జామీనులు వద్దని ఇంట్లో అనుకున్నాం, ఎవురికీ ఇయ్యడం లేదు" అని నేరుగా చెప్పు. ఎవురికీ ఇయ్యకపోతే అన్నకు తనొక్కడినే కాదన్నారనే బాధ ఉండదు. ఒకరికి ఇచ్చి ఇంకొకరికి లేదంటేనే పగ పెరుగుతుంది.

ఊరికే కాదనకుండా వేరే దారి చూపించు. పోతే పోయిందిలే అనుకునేంత డబ్బు, వెయ్యో రెండు వేలో, చేబదులు ఇయ్యి. సుగ్గి నుంచి వచ్చినాక రొక్కానికి కొనుక్కోమను. పాత సెల్లు బాగు చేయించి ఇప్పించు. అవసరం నిజంగా పెద్దదైతే, ఆస్పత్రో, పిల్లోళ్ళ ఫీజో అయితే, అది వేరే సంగతి. అప్పుడు కూడా ఒక్కటే ప్రశ్న వేసుకో: ఆ మొత్తం నేనే కట్టాల్సి వస్తే కట్టగలనా? కట్టగలిగితేనే సంతకం పెట్టు.

ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్ప నేతగాళ్ళ సహకార సంఘం పెట్టినారు. అక్కడా ఒకరి మీద ఒకరికి నమ్మకమే మూలం. అయినా సంఘమంటే సభ్యత్వం, వాటా, లెక్కల పుస్తకం ఉంటాయి. లెక్క రాసుకున్నంత మాత్రాన నమ్మకం లేనట్టు కాదు.

ఇప్పటికే పెట్టేసి ఉంటే?

అప్పు కాయితాల నకలు తీసుకో. నీ పేరు మీద అప్పు ఉంటే, కంతు డబ్బులు చేతికి తీసుకోవద్దు. అన్న నీ ఖాతాకు ఫోన్‌పేలో పంపి, ఏ కంతో అందులో రాస్తే అదే రుజువు. సెల్లు ఆయన వాడుకుంటున్నాడని, కంతులు ఆయనే కట్టాలని ఇద్దరూ ఒక కాయితం రాసుకుని సాక్షులతో సంతకం పెట్టించుకోండి. సుగ్గికి పోయే ముందే మూడు నాలుగు కంతుల డబ్బు నీ ఖాతాలో వేసి పొమ్మను. ఇది అడగడానికి మొహమాటపడొద్దు.

జామీనుదారుగా నువ్వు కట్టాల్సి వస్తే, కట్టినదంతా అప్పుదారు దగ్గర వసూలు చేసుకునే హక్కు అదే చట్టం 145వ సెక్షన్ నీకు ఇస్తుంది. రసీదు లేకుండా మాత్రం ఒక్క రూపాయి కట్టొద్దు. లేటు జరిమానా మీద మళ్ళా వడ్డీ వేయడానికి బ్యాంకులకు, ఫైనాన్సు కంపెనీలకు వీల్లేదు. వసూలు ఏజెంట్లు పొద్దున 8 గంటల ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేసి అడగకూడదు. బెదిరిస్తే ముందు ఆ కంపెనీకే రాసి ఫిర్యాదు ఇయ్యి. 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు పోవచ్చు. ఎట్లా చేయాలో 14448 నంబరుకు ఫోన్ చేస్తే చెప్తారు.

ఇంకొక పని ఈ రోజే చెయ్యి. ఏడాదికి ఒకసారి సిబిల్ రిపోర్టు పూర్తిగా ఉచితంగా ఇస్తారు. తీసి చూడు. నువ్వు ఎప్పుడో ఇచ్చిన ఆధార్ జిరాక్సు మీద నీకు తెలియని అప్పు ఏదన్నా ఉంటే అందులో కనపడుతుంది. అన్న కంతులన్నీ కట్టేసినాక కూడా అప్పు తీరిందని ఫైనాన్సోళ్ళ దగ్గర ఎన్ఓసీ తీసుకునేదాకా, ఆ అప్పు నీ పేరు మీదనే ఉందనుకో.