ఉప్పునీటి సూక్ష్మజీవులు, మన ఖుర్బానీ సంచులు

ఖుర్బానీ మాంసం పంచడానికి ‘మట్టిలో కలిసిపోయే’ సంచులు వాడితే బాధ్యత తీరినట్లేనా అని మస్జిద్ కమిటీల పెద్దలు కొందరు మమ్మల్ని అడుగుతున్నారు. అడగవలసిన ప్రశ్నే. దీని జవాబు సగం ఫిఖ్హ్ గ్రంథాల్లో, సగం ఉప్పునీటిలో ఉన్నది.

మొదట నీటి దారి చూద్దాం. మిర్యాలగూడ పరిసరాల్లో వాగులో పడిన సంచి అక్కడే ఆగిపోదు. హైదరాబాదు మురుగును మోసుకొచ్చే మూసీ మన సమీపంలోని వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. ఆ నీరు పులిచింతల, ప్రకాశం బ్యారేజీలు దాటి హంసలదీవి వద్ద బంగాళాఖాతం చేరుతుంది. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. నేలలో బతికే సూక్ష్మజీవుల్లో అనేకం ఆ నీటిలో నిలువలేవు. ఉప్పు వాటి కణంలోని తేమను బయటికి లాగివేస్తుంది. మన ఇళ్ళలో ఆవకాయ ఏడాదిపాటు నిలువ ఉండటంలో ఈ ఉప్పు పాత్ర ఎంతటిదో ఇల్లాండ్రకు వేరే చెప్పనక్కరలేదు.

అయితే సృష్టికర్త ఉప్పునీటిని కూడా నిర్జీవంగా వదలలేదు. నౌపడ, చినగంజాం వంటి తీరప్రాంతాల ఉప్పు మడులను చూసి అక్కడ ఏ ప్రాణీ ఉండదని అనుకుంటాం. కాని ఉప్పును తట్టుకునే బాక్టీరియా అటువంటి చోట్ల హాయిగా జీవిస్తాయి. వాటిలో కొన్ని ఎక్టోయిన్ వంటి పదార్థాలను కణంలో కూడబెట్టుకొని తేమను కాపాడుకుంటాయి.

వీటిలో కొన్నింటికి ప్లాస్టిక్ ఆహారం కావడం వింతగా తోచవచ్చు. 1926లో ఫ్రాన్సు శాస్త్రవేత్త మారిస్ లెమోయిన్ ఒక బాక్టీరియాలో పీహెచ్‌బీ అనే పదార్థాన్ని కనుగొన్నారు. మన దేహం కొవ్వును దాచుకున్నట్లే ఆ జీవి దాన్ని దాచుకుంటుంది. దానితో సంచులూ డబ్బాలూ చేయవచ్చు. ఒక సూక్ష్మజీవి దాచుకున్నదాన్ని మరొకటి తినగలగడంలో ఆశ్చర్యమేముంది? తినే జీవి డీపాలిమరేజ్ అనే ఎంజైమును తన కణం వెలుపలికి వదులుతుంది. అది ప్లాస్టిక్ గొలుసును చిన్న ముక్కలుగా తెంపుతుంది. ఆ ముక్కలు కణంలోకి వెళ్ళి కార్బన్ డయాక్సైడుగా, నీరుగా, కొంత ఆ జీవి దేహంగా మారిపోతాయి. ఎంజైము పనిచేసేది కణం బయట కనుక, సముద్రంలో అది కూడా ఉప్పుకు ఓర్చుకోవాలి. ఉప్పును తట్టుకునే రకాల మీద పరిశోధకులకు అంత ఆసక్తి అందుకే.

ఇక్కడ మాకు దర్సులో చదివిన మస్అలా ఒకటి గుర్తుకు వస్తుంది. గాడిద ఉప్పు గనిలో పడి చనిపోయి, పూర్తిగా ఉప్పైపోతే ఆ ఉప్పు మాటేమిటి? ఇమామ్ అబూ యూసుఫ్ అంగీకరించకపోయినా, అది పరిశుద్ధమేనన్న ఇమామ్ ముహమ్మద్ అభిప్రాయం మీదే హనఫీ ఫత్వా నిలిచింది. దీనినే ఇస్తిహాలా అంటారు. వస్తువు తత్త్వమే మారిపోవాలి, ముక్కలైతే చాలదు. తునకలుగా కోసిన కళేబరం కళేబరమే.

సంచులకూ ఈ తూకమే సరిపోతుందని మా అభిప్రాయం. మామూలు పాలిథిన్ ఎండకు పెళుసెక్కి పొడి పొడి అవుతుంది, కాని పాలిథిన్‌గానే ఉంటుంది. ఆ పొడి చేపల కడుపులో చేరుతుంది. పీహెచ్‌బీని సూక్ష్మజీవులు తిన్నప్పుడు జరిగేది నిజమైన మార్పు. ఈ రెండింటి నడుమ ఉన్నది పీఎల్ఏ. మొక్కజొన్న వంటి పంటల పిండిపదార్థం నుంచి తయారైనా, సముద్రపు నీటిలో అది ఏళ్ళ తరబడి దాదాపు అలాగే ఉంటుంది. పీబీఏటీ కూడా అక్కడ నెమ్మదిగానే కరుగుతుంది. హైదరాబాదులోని డీఆర్‌డీఓ ప్రయోగశాల రూపొందించిన ఇటువంటి సంచులను 2021 ఆగస్టులో తిరుమలలో లడ్డూల కోసం ప్రవేశపెట్టారు. మేలైన ప్రయత్నం ఎవరిదైనా నేర్చుకోదగినదే. అయితే ఆ సంచి సవ్యంగా కరగాలంటే కంపోస్టు కుప్పకు చేరాలి.

‘కంపోస్టబుల్’ సంచులకు ఐఎస్/ఐఎస్ఓ 17088 ప్రమాణం ఉన్నది. అందులోని ముఖ్యమైన పరీక్ష సుమారు 58 డిగ్రీల వేడిలో జరుగుతుంది. బాగా మాగుతున్న ఎరువు కుప్పలో ఆ వేడి పుడుతుంది. సాగర్ ఎడమ కాలువలో పుట్టదు. కనుక సంచి మీద ఆ ముద్ర చూసి కొని, తరువాత కాలువలో విసిరితే బాధ్యత తీరలేదనే చెబుతాం. దారిలోని అడ్డును తొలగించడాన్ని దైవప్రవక్త (స) విశ్వాస శాఖలలో ఒకటిగా లెక్కించారు. జనం వాడుకునే నీటి రేవులను, దారులను, నీడ పట్టులను మలినం చేయవద్దని గట్టిగా హెచ్చరించారు. ఖుర్బానీ ఇబాదత్, దాని చెత్త మునిసిపాలిటీ వ్యవహారం అని విడదీసే అధికారం మనకెక్కడిది?

ఈ బక్రీదుకు మేము చెప్పేది ఇంతే. మస్జిద్‌కు వచ్చి తమ భాగం తీసుకునేవారు ఇంటి నుంచి మూత ఉన్న గిన్నె తెచ్చుకోవాలి. ఇళ్ళకు పంపే భాగాలను పాత రోజుల్లోలాగా మోదుగాకుల్లో చుట్టి గుడ్డసంచిలో పెట్టవచ్చు. సంచి తప్పదనుకున్నచోట ఆ ప్రమాణపు ముద్ర ఉన్నదే కొనాలి. ఖాళీ సంచులను తిరిగి పోగుచేసి ఎరువు తయారయ్యే చోటికి చేర్చే పనిని, పండుగకు ముందే ఇద్దరు యువకులకు పేరుపెట్టి అప్పగించాలి.