అలిపిరి మెట్లెక్కే ముందు.. ఇంట్లోనే పది నిమిషాలు

అలిపిరి: పాదాల మండపం వద్ద కొబ్బరికాయ కొట్టి, కర్పూరం వెలిగించి, గోవింద నామస్మరణతో తొలి మెట్టుపై పాదం మోపే భక్తుల్లో అన్ని రకాల వారూ ఉంటారు. పొలం పనులతో కాయకష్టానికి అలవాటు పడినవారు ఉంటారు. గల్లాపెట్టె ముందు నుంచి కదలని వ్యాపారులు, కంప్యూటరు ఎదుట పొద్దు గడిపే ఉద్యోగులు, తెల్లవారక ముందే స్టీరింగు పట్టుకునే డ్రైవర్లూ ఉంటారు. మొక్కు అందరికీ ఒక్కటే. ఎక్కాల్సిన మెట్లు కూడా అందరికీ ఒక్కటే.. 3,550. దూరం సుమారు తొమ్మిది కిలోమీటర్లు. ఏడాదిలో మిగిలిన రోజులన్నీ రెండో అంతస్తుకు సైతం లిఫ్టు కోసం ఎదురుచూసే వ్యక్తి ఆ ఒక్కరోజు ఏడుకొండలెక్కుతాడు. భక్తి నడిపిస్తుందన్నది నిజమే. అయితే ఆ నడకకు రక్తాన్ని సరఫరా చేయాల్సింది గుండె.

కాలినడకన వచ్చే భక్తుల ఆరోగ్యంపై తిరుమల తిరుపతి దేవస్థానం 2024 అక్టోబరులో ప్రత్యేకంగా సూచనలు జారీ చేసింది. అరవై ఏళ్లు దాటినవారు, మధుమేహం, అధిక రక్తపోటు, ఉబ్బసం, మూర్ఛ, కీళ్ల వ్యాధులు ఉన్నవారు నడకదారిన రావడం మంచిది కాదని పేర్కొంది. స్థూలకాయులు, హృద్రోగులను కూడా హెచ్చరించింది. తిరుమల ఎత్తైన ప్రదేశం కావడంతో ఆక్సిజన్ తక్కువగా ఉంటుందని అందులో ప్రస్తావించింది. తిరుమల సముద్రమట్టానికి సుమారు 850 మీటర్ల ఎత్తున ఉంది. ఆరోగ్యవంతుడికి ఆ ఎత్తులో గాలి పలుచన వల్ల కలిగే ఇబ్బంది స్వల్పమే. అసలు భారమంతా తన శరీర బరువును తానే ఏడువందల మీటర్ల పైకి మోసుకుపోవడంలో ఉంది.

వ్యాధులు ఉన్నవారి సంగతి అలా ఉంచితే, ఏ జబ్బూ లేదనుకుంటూ, ఏ వ్యాయామమూ లేక గడుపుతున్న నలభై, యాభై ఏళ్లవారి మాటేమిటి? "రోజూ నడవాలని ఉంది, తీరికేదీ" అన్నదే వారి సమాధానం. శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం మైదానంలోనో, ప్రకాశం పార్కులోనో గంటసేపు నడిచే వెసులుబాటు అందరికీ ఉండదు. శ్రీసిటీ పరిశ్రమలకు షిఫ్టు బస్సు అందుకోవాల్సినవారికి, గాంధీరోడ్డులో రాత్రి పది దాటాక దుకాణం కట్టేవారికి, పిల్లలను బడికి పంపి తాము ఉద్యోగానికి పరుగెత్తే మహిళలకు గంట మాట అటుంచి అరగంట కూడా గగనమే. అలాంటివారికి ఇంట్లోనే చేసుకోగల పది నిమిషాల గుండె వ్యాయామం, అందరూ కార్డియో అంటున్నది, ఎంతమేరకు ఉపయోగపడుతుందన్నదే ప్రశ్న.

107 రెట్లు.. 2.4 రెట్లు

ఈ ప్రశ్నకు సమాధానంలో సగభాగం 1993లోనే దొరికింది. అమెరికాలో గుండెపోటుతో ఆసుపత్రుల్లో చేరిన 1,228 మందిని విచారించి చేసిన అధ్యయనం ఆ ఏడాది 'న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్'లో ప్రచురితమైంది. భారీ శ్రమ చేసిన తర్వాత గంటలోపు గుండెపోటు వచ్చే ముప్పు ఎంత పెరుగుతుందో అందులో లెక్కగట్టారు. వారానికి ఒక్కసారైనా ఒళ్లు వంచని వారిలో ఆ ముప్పు 107 రెట్లు పెరిగింది. వారానికి ఒకటి రెండుసార్లు శ్రమించేవారిలో 19.4 రెట్లు, మూడు నాలుగుసార్లు అయితే 8.6 రెట్లు. వారానికి ఐదుసార్లు, అంతకుమించి వ్యాయామం చేసేవారిలో కేవలం 2.4 రెట్లు.

ఈ అంకెలను చూసి బెంబేలెత్తాల్సిన పనిలేదు. ఆరోగ్యవంతుడికి ఏదో ఒక గంటలో గుండెపోటు వచ్చే అవకాశం చాలా చిన్నది. చిన్నదాన్ని ఎన్ని రెట్లు చేసినా పెద్ద సంఖ్య కాకపోవచ్చు. కానీ రక్తనాళాల్లో అప్పటికే కొవ్వు పేరుకుని, ఆ సంగతి తెలియకుండా తిరుగుతున్న వ్యక్తి విషయంలో ఆ తేడా ప్రాణాల మీదకు తెస్తుంది. గమనించాల్సిన మరో సంగతి, ముప్పును దించింది వారంలో ఒకరోజు చేసిన మహా ప్రయాస కాదు, ఎక్కువ రోజులు శరీరాన్ని కదిలించే అలవాటు. ఆదివారం ఒక్కరోజు గంటన్నర క్రికెట్ ఆడి వారమంతా కూర్చునేవారు దీన్ని గుర్తుంచుకోవడం మేలు.

కారణం శరీర ధర్మంలోనే ఉంది. మెట్లు ఎక్కేటప్పుడు తొడ, పిక్క కండరాలు ఒక్కసారిగా ఆక్సిజన్ కోరతాయి. విశ్రాంతిగా కూర్చున్నప్పటి ఖర్చుతో పోలిస్తే నిదానంగా మెట్లెక్కడానికి శరీరానికి సుమారు నాలుగు రెట్ల శక్తి కావాలి. వేగంగా ఎక్కితే దాదాపు తొమ్మిది రెట్లు. అలవాటున్న గుండె ఒక్కో స్పందనకు ఎక్కువ రక్తాన్ని నెట్టగలదు కనుక కొద్దిపాటి వేగంతోనే ఆ అవసరాన్ని తీరుస్తుంది. అలవాటు లేని గుండె ఆ పనికోసం పరుగులు పెట్టాల్సి వస్తుంది. నాడి వేగం, రక్తపోటు రెండూ ఒక్కసారిగా ఎగబాకుతాయి. రక్తనాళం గోడపై పేరుకున్న కొవ్వు పొర చిట్లితే, అక్కడ రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోతుంది. నిత్యం కాస్త కాస్తగా శ్రమ పెడితే కొన్ని వారాల్లోనే అదే పనికి గుండె వేగం తగ్గడం ఎవరికి వారే గమనించవచ్చు.

చిన్న విడతలూ లెక్కలోకే

పది నిమిషాలకు తక్కువైన శ్రమ వ్యాయామమే కాదన్న అభిప్రాయం చాలాకాలం ఉండేది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010 మార్గదర్శకాల్లోనూ ఆ నిబంధన ఉంది. 2020లో దాన్ని తొలగించింది. వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ, లేదా 75 నుంచి 150 నిమిషాల తీవ్ర శ్రమ ఉండాలని, అది ఎన్ని ముక్కలుగా చేసినా లెక్కలోకే వస్తుందని చెప్పింది.

బ్రిటన్‌లో వ్యాయామం చేయని పాతికవేల మందికి పైగా ప్రజల చేతులకు కదలికలను నమోదు చేసే పరికరాలు కట్టి పరిశీలించిన ఫలితాలు 2022లో వెలువడ్డాయి. బస్సు కోసం పరుగులాంటి నడక, సరకుల సంచితో మెట్లెక్కడం వంటి ఒకటి రెండు నిమిషాల గట్టి శ్రమ రోజుకు మూడుసార్లు ఉన్నవారిలో హృద్రోగ మరణాలు, అదికూడా లేనివారితో పోలిస్తే దాదాపు సగం తక్కువగా కనిపించాయి. ఆ శ్రమ ఒక్కటే కారణమని ఇలాంటి పరిశీలనతో తేల్చలేం. అయినా ఇది కొత్త సంగతేమీ కాదు. లండన్ రెండంతస్తుల బస్సుల్లో రోజంతా మెట్లెక్కి దిగే కండక్టర్లకు, కూర్చునే ఉండే డ్రైవర్ల కంటే గుండెజబ్బులు తక్కువని జెరీ మోరిస్ అనే వైద్యుడు 1953లోనే చూపాడు.

మన దేశం పరిస్థితి చూస్తే, 2024లో 'లాన్సెట్ గ్లోబల్ హెల్త్' ప్రచురించిన అంచనా ప్రకారం పెద్దవాళ్లలో దాదాపు సగం మందికి తగినంత శరీరశ్రమ లేదు. స్త్రీలలో ఈ లోటు 57 శాతం, పురుషుల్లో 42 శాతం. ఇంటిపనే పెద్ద వ్యాయామమన్న మాట ఇళ్లలో తరచూ వినిపిస్తుంది. రుబ్బురోలు, బావి చేద పోయి మిక్సీ, మోటారు వచ్చాక ఆ మాటకు పాత బలం లేదు.

ఇంట్లో ఏం చేయాలి?

తొలి రెండు నిమిషాలు ఉన్నచోటనే నిలబడి కవాతు చేసినట్లు అడుగులు వేయాలి. చేతులు బాగా ఊపాలి. దీన్ని దాటవేయరాదు. చల్లగా ఉన్న ఇంజనుకు ఒక్కసారిగా యాక్సిలరేటర్ తొక్కితే ఏమవుతుందో ఘాట్‌రోడ్డు డ్రైవర్లకు చెప్పనక్కర్లేదు. ఆ తర్వాత ఆరు నిమిషాలు అసలు వ్యాయామం. అర నిమిషం శ్రమ, అర నిమిషం మెల్లని అడుగులు. మోకాళ్లు నడుము ఎత్తు వరకు లేపడం ఒక విడత. గుంజీళ్లు ఒక విడత. ఇంటి తొలి మెట్టుపైకి ఎక్కి దిగడం మరో విడత. ఈ మూడింటినీ మళ్లీ ఒకసారి చేస్తే ఆరు నిమిషాలు పూర్తవుతాయి. చివరి రెండు నిమిషాలు నిదానంగా అడుగులు వేస్తూ ఊపిరిని కుదుటపరచుకోవాలి. ఉన్నట్టుండి ఆగిపోయి కూలబడితే కాళ్లలోని రక్తం వెంటనే పైకి చేరక కళ్లు తిరిగే ప్రమాదముంది.

గుంజీళ్ల గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. కాణిపాకం వినాయకుడి ముందు చెవులు పట్టుకుని తీసే ఆ గుంజీళ్లనే వ్యాయామశాలల్లో స్క్వాట్స్ అంటున్నారు. మెట్లెక్కడానికి అవసరమైన తొడ, పిరుదు కండరాలకు ఇంతకన్నా సులువైన సాధన మరొకటి లేదు. మోకాళ్ల నొప్పులున్నవారు పూర్తిగా కూర్చోకుండా, గోడకు ఆనించిన కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేచి కూర్చుంటే చాలు. ఎగిరి దూకే వ్యాయామాలు యువకులకు ఫరవాలేదు గానీ, బరువు ఎక్కువగా ఉన్నవారి మోకాళ్లకు, అపార్టుమెంట్లలో కింది అంతస్తువారి సహనానికి రెండింటికీ మంచివి కావు.

ఇంటికి మెట్లుంటే పని మరింత తేలిక. ఇరవై మెట్లున్న ఇంట్లో రోజుకు తొమ్మిదిసార్లు ఎక్కితే 180 మెట్లు. ఇరవై రోజుల్లో 3,600. అంటే అలిపిరి దారి మొత్తం ఇంట్లోనే ఎక్కినట్లు. ఒకేసారి తొమ్మిది కూడా అక్కర్లేదు. ఉదయం మూడు, మధ్యాహ్నం మూడు, రాత్రి మూడు అయినా సరే. కెనడాలో మూడంతస్తుల మెట్లను రోజుకు మూడుసార్లు, నడుమ కొన్ని గంటల విరామంతో, వారానికి మూడు రోజులు చకచకా ఎక్కిన యువకుల శ్వాస సామర్థ్యం ఆరు వారాల్లో సుమారు ఐదు శాతం పెరిగినట్లు 2019లో వెల్లడైంది. పెరుగుదల కొద్దిపాటిదే. వారు వెచ్చించిన సమయం అంతకన్నా కొద్దిపాటిది.

రోజుకు పది నిమిషాలంటే వారానికి డెబ్బై. మధ్యస్థ శ్రమకు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన లెక్కలో ఇది సగమే. మిగతా సగాన్ని భోజనం తర్వాత కొన్ని నిమిషాల నడకతో పూడ్చుకోవచ్చు. తిన్న తర్వాత రక్తంలో చక్కెర ఎగబాకడాన్ని కూడా ఆ నడక తగ్గిస్తుంది. వేసవిలో తిరుపతి ఎండ నలభై డిగ్రీలు దాటే రోజుల్లో ఉదయం ఏడులోపే వ్యాయామం ముగించడం శ్రేయస్కరం.

'గోవిందా' అనగలిగితే సరి

శ్రమ ఎంత ఉండాలన్నది తెలుసుకోవడానికి యంత్రాలు అక్కర్లేదు. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. అది మధ్యస్థ శ్రమ. అలిపిరి భాషలో చెప్పాలంటే 'గోవిందా' అని పలకడం సాధ్యపడాలి, సంకీర్తన ఎత్తుకోవడం కష్టం కావాలి. గోవింద నామం కూడా నోట రాకుంటే వేగం తగ్గించాల్సిందే. నాడి లెక్కపెట్టుకోదలచినవారు 220 లోంచి వయసును తీసివేయాలి. నలభై ఐదేళ్ల వ్యక్తికి వచ్చేది 175. మధ్యస్థ శ్రమలో నాడి 112 నుంచి 133 మధ్య ఉంటే సరిపోతుంది. రక్తపోటుకు గుండె వేగాన్ని తగ్గించే మాత్రలు వాడేవారికి ఈ లెక్క వర్తించదు.

మధుమేహం, రక్తపోటు, గుండెజబ్బు ఉన్నవారు, కుటుంబంలో చిన్న వయసులో గుండెపోటు చరిత్ర ఉన్నవారు ఇంటి వ్యాయామానికైనా ముందు వైద్యుడిని సంప్రదించాలి. ఇన్సులిన్ తీసుకునేవారు ఖాళీ కడుపుతో చేయరాదు, చక్కెర పలుకులు దగ్గర ఉంచుకోవాలి. పాదాల్లో స్పర్శ తగ్గిన మధుమేహులకు చెప్పుల్లేని నడక ప్రమాదకరం, రాయి గుచ్చుకున్నా తెలియదు. ఛాతీలో బరువు, ఎడమ చేతికి గానీ దవడకు గానీ పాకే నొప్పి, చల్లని చెమట, ఆగినా తగ్గని ఆయాసం.. వీటిలో ఏది కనిపించినా వ్యాయామం ఆపి 108కి ఫోన్ చేయాలి. గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకోవడం వల్ల విలువైన గంటలు పోతున్నాయి.

కొండ దగ్గరకు వచ్చేసరికి

ఆరు నుంచి ఎనిమిది వారాల సాధన తర్వాత మొక్కు తీర్చుకోవడానికి బయల్దేరితే శరీరానికి అది మరీ కొత్త పని కాదు. అయినా అలిపిరి దారి స్వభావం తెలిసి ఉండాలి. గాలిగోపురం వరకు వరుసగా మెట్లే. ఉత్సాహం ఎక్కువగా ఉండేదీ, చాలామంది వేగంగా ఎక్కి అలసిపోయేదీ ఇక్కడే. ఆ తర్వాత జింకల పార్కు మీదుగా దారి చాలావరకు చదునుగా సాగుతుంది. చివర మోకాళ్ల మెట్టు వద్ద మళ్లీ నిటారుగా మారుతుంది. తొలి అంచెలో దాచుకున్న ఓపికే అక్కడ పనికొస్తుంది. ఒక్కో మెట్టుకూ పసుపు కుంకుమలు పెడుతూ ఎక్కేవారు ప్రతిసారీ వంగి లేవాలి కనుక వారికి శ్రమ మరింత ఎక్కువ. సమయం కూడా ఎక్కువగానే పెట్టుకోవాలి.

దూరం తక్కువని శ్రీవారి మెట్టు దారిని ఎంచుకునేవారు ఒక లెక్క చూసుకోవాలి. అక్కడ 2.1 కిలోమీటర్లలో 2,388 మెట్లు, అంటే కిలోమీటరుకు వెయ్యికి పైనే. అలిపిరి దారిలో కిలోమీటరుకు సగటున నాలుగు వందలకు మించవు. ఊపిరి తీసుకునే చదును దారి శ్రీవారి మెట్టులో తక్కువ. సాధన కొత్తగా మొదలుపెట్టినవారికి అలిపిరి దారే నయం. ఈ దారిలో 1,500వ మెట్టు, గాలిగోపురం, భాష్యకార్ల సన్నిధి వద్ద వైద్య సహాయం లభిస్తుందని తితిదే 2024 నాటి సూచనల్లో తెలిపింది. తిరుమలలో అశ్విని ఆసుపత్రి ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది.