ఎర్ర మందుకు కొవ్వు కవచం

నరసరావుపేట, మాచర్ల, గురజాల వైపు నుంచి కీమో కోసం గుంటూరు పెద్దాసుపత్రిలోని నాట్కో క్యాన్సర్ సెంటర్‌కి వెళ్లేవాళ్లకు డాక్సోరుబిసిన్ అన్న పేరు నోరు తిరక్కపోయినా, సీసాలోని ఎర్రటి రంగు గుర్తుండిపోతుంది. రొమ్ము క్యాన్సర్ నుంచి లింఫోమా దాకా పనికొచ్చే గట్టి మందు. చిక్కల్లా ఒంట్లోకి ఎక్కే మొత్తం పెరిగేకొద్దీ గుండె కండరం దెబ్బతినడమే. అందుకే ముందు ఎకో తీయిస్తారు.

ఆ గుండెను కాచే కవచం క్యాన్సర్ కోసం పుట్టలేదు. 1960ల మొదట్లో ఇంగ్లండ్‌లోని బాబ్రహంలో అలెక్ బాంగ్‌హామ్ గుడ్డుసొనలోని లెసిథిన్‌ను నీళ్లలో కలిపి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూశారు. కొవ్వు అణువులు వాటంతటవే పొరలుగా చుట్టుకుని మధ్యలో నీటిని బంధించాయి. అదే లైపోజోమ్. అందులో మందు నింపాలన్న ఆలోచన 1970లలో ఊపందుకుంది. కానీ రక్తంలోకి ఎక్కించగానే కాలేయం, ప్లీహం ఆ బుడగలను పట్టి మింగేసేవి. మందు కూడా లోపల నిలిచేది కాదు.

ఈ రెండు ముడులూ విప్పినవారిలో జెరూసలేం శాస్త్రవేత్తలు బారెన్‌హోల్జ్, గాబిజోన్ ముఖ్యులు. పైన పాలిథిలీన్ గ్లైకాల్ పూత వేస్తే బుడగ శరీరం కంటపడకుండా రోజుల తరబడి తిరుగుతుంది. నింపే పద్ధతి నాకు మరీ ముచ్చటగా తోస్తుంది. ముందు బుడగలో అమోనియం సల్ఫేట్ ఉంచుతారు. అమోనియా కొద్దికొద్దిగా బయటికి జారిపోతే లోపల ఆమ్లత పెరుగుతుంది. పొర దాటి వచ్చిన మందు అక్కడ విద్యుదావేశం పొంది, సల్ఫేట్‌తో స్ఫటికమై చిక్కుకుపోతుంది. వంద నానోమీటర్లలోపు బుడగలో వేల అణువులు!

1995లో అమెరికా దీన్ని డాక్సిల్ పేరుతో అనుమతించింది. అక్కడ అనుమతి పొందిన తొలి నానో మందుగా దాన్ని చెబుతారు. 2017లో హైదరాబాద్ సంస్థ డాక్టర్ రెడ్డీస్ దీని జెనరిక్‌ను అమెరికాలోనే అమ్మకానికి పెట్టింది. దీన్ని 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి, గడ్డ కట్టనివ్వకూడదు. ఎక్కించేటప్పుడు మామూలు సెలైన్‌లో కాకుండా 5 శాతం డెక్స్‌ట్రోజ్‌లోనే కలపాలి.

గుండె రక్తనాళాల గోడలు బిగువుగా ఉంటాయి కాబట్టి బుడగ అక్కడ దూరలేదు. చాలా కణితుల్లో ఆ గోడలకు సందులుంటాయి. అయితే అరచేతులు, అరికాళ్ల చర్మంలోకి మందు చేరి ఎర్రబారి మండటం ఈ రూపంలోనే ఎక్కువ. పల్నాటి ఎండల్లో పొలం పనికి వెళ్లేవాళ్లకు ఈ సంగతి ముందే విడమరిచి చెప్పాలి.

అందరి కణితుల్లోనూ ఒకేలా చేరుతుందా? 2001లో ప్రచురించిన ఒక అధ్యయనంలో లండన్ వైద్యులు ఇలాంటి బుడగల్లో రేడియోధార్మిక ఇండియం నింపి 17 మందికి స్కాన్ తీశారు. తల, మెడ కణితుల్లో బాగా చేరింది, రొమ్ము కణితుల్లో తక్కువ. ఎవరి కణితిలోకి వెళ్తుందో ముందు స్కాన్‌లో చూసి, ఆ తర్వాతే మందు ఎక్కించే పద్ధతి మామూలు ఆసుపత్రులకు ఇంకా రావలసి ఉంది.